గది అద్దె ఎవరు కట్టినా

(నెల్లూరు పురమందిరంలో లాడ్జి యజమానులు, న్యాయవాదులు, నగరపాలక సిబ్బంది, విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడవలసిన విషయం వినడానికి చిన్నదిగానే ఉంటుంది. అద్దె కట్టి దిగే ప్రయాణికులున్న లాడ్జిలోనే, తలదాచుకునే చోటు లేని మనుషులకు కూడా కార్పొరేషనో, ప్రభుత్వ శాఖో, ధర్మసంస్థో గదులు ఇప్పించినప్పుడు ఆ లాడ్జిని ఏ నియమాల మీద నడపాలి, ఎవరు తనిఖీ చేయాలి, ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవే ప్రశ్నలు. ఇదేదో అమెరికాలోనో ఇంగ్లండులోనో నడుస్తున్న తగాదా, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల, మద్రాసు బస్టాండు వైపు, పెద్దాసుపత్రి దగ్గరి సందుల్లో ఉన్న చిన్న లాడ్జీల సంగతి ఎరిగినవారికి మాత్రం అలా అనిపించదు. ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పామూరు వైపు నుంచి రోగిని తీసుకువచ్చి, వార్డులో ఒక్కరికే చోటుంటే తక్కినవాళ్లు వరండాలో పడుకుని, స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ రెండు కుటుంబాలు కలిసి ఒక గది తీసుకునే వ్యవహారం అక్కడ కొత్తది కాదు. కొడుకు పంపే డబ్బుతో నెలల తరబడి అదే గదిలో కాలం వెళ్లదీసే ముసలివాళ్లూ, పని దొరికిన రోజు గదిలోనూ దొరకని రోజు ప్లాట్‌ఫారం మీదా పడుకునే కూలీలూ ఆ లాడ్జీల్లోనే ఉంటారు. అంటే, నిరాశ్రయులూ ప్రయాణికులూ ఒకే కప్పు కింద ఉండటం మనకు అలవాటైన సంగతే. దానికి నియమాలు రాసుకోవడమొక్కటే మిగిలింది.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత కారణాలు చెబుతాను. గది అద్దె ఎవరు కట్టినా, గదిలో ఉన్న మనిషే ఆ లాడ్జికి అతిథి. నియమాలు లాడ్జికి ఉండాలి, డబ్బు కట్టే సంస్థకు ఉండాలి. కార్పొరేషను పంపిన మనిషికి ఒక రకంగా, కౌంటరు దగ్గర నోటు ఇచ్చిన మనిషికి ఇంకొక రకంగా నియమాలు రాయడం మొదలుపెడితే, మనం కట్టేది ఆశ్రయం అనిపించుకోదు, తాళం వేయని జైలు అనిపించుకుంటుంది.

లాడ్జి నిరాశ్రయుల వసతి గృహానికి బదులు కాదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది అని తేలింది, అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. రాత్రిపూట పేవ్‌మెంట్ల మీద తిరిగి రాసుకున్న లెక్క కాబట్టి ఇది తక్కువ లెక్కే అని ఈ రంగంలో పనిచేసేవారు చాలాకాలంగా అంటున్నారు. ఆహార హక్కు కేసు విచారణలో సుప్రీంకోర్టు 2010 నుంచి నిరాశ్రయుల విషయం పట్టించుకుని, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కూడా అదే లెక్కను తీసుకుని, లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత వసతి గృహం ఉండాలన్నది. ఆ పనిని మన రాష్ట్రంలో పట్టణ ప్రాంత పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూస్తుంది. 2011 నాటికే నెల్లూరు నగర జనాభా 5 లక్షల దాకా ఉంది, ఒంగోలుది 2 లక్షలు దాటింది. నెల్లూరుకు ఐదు గృహాలు, ఒంగోలుకు రెండు ఉండాలని ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు. నిధులు ఉండి కూడా రాష్ట్రాలు ఆశ్రయాలు తెరవడం లేదన్న ఫిర్యాదుతోనే 2016లో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేయవలసి వచ్చింది. కాబట్టి లాడ్జీలో గదులు దొరుకుతున్నాయి కదా అని వసతి గృహాల లెక్కను తగ్గించుకునే ఉద్దేశం ఎవరికైనా ఉంటే, నా మాటలను దానికి సమర్థనగా వాడుకోవద్దని మనవి.

మరి లాడ్జి దేనికి? వసతి గృహం అంటే సాధారణంగా పెద్ద హాలు, వరుస మంచాలు, ఒక మూల స్నానాల గదులు. ఒంటరి మగవాడికి అది చాలు. ఎదిగిన ఆడపిల్లతో అర్ధరాత్రి ఇల్లు వదిలి వచ్చిన తల్లికి చాలదు. ఆపరేషన్ అయి డిశ్చార్జి చేసిన మనిషికి, నాలుగు రోజులు కట్టు మార్చుకోవలసి ఉండి సొంతూరు పోలేని మనిషికి చాలదు. క్షయ మందులు వాడుతున్న మనిషిని వంద మంది పడుకునే హాలులో పెట్టడం అతనికీ మంచిది కాదు, తక్కినవారికీ మంచిది కాదు. తలుపు వేసుకోగల గది అవసరమైనవాళ్లు కొందరు ఉంటారు. ఆ కొందరి కోసం ప్రభుత్వం కొత్త భవనం కట్టేదాకా ఆగడం కంటే, ఖాళీగా ఉన్న లాడ్జి గదిని అద్దెకు తీసుకోవడం తెలివైన పని.

విపత్తు వచ్చినప్పుడు ఈ అవసరం ఒక్కసారిగా పదింతలవుతుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మీకందరికీ గుర్తే. కోవూరు, పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలు మార్గమూ దెబ్బతిని రాకపోకలు ఆగిపోయినప్పుడు, మద్రాసు వైపు పోవలసినవాడూ విజయవాడ వైపు పోవలసినవాడూ ఇక్కడే చిక్కుకున్నారు. అదే సమయంలో పెన్న ఒడ్డు కాలనీలవాళ్లు ఇళ్లలోకి నీళ్లొచ్చి రోడ్డున పడ్డారు. జేబులో డబ్బున్న నిరాశ్రయుడు, డబ్బు లేని నిరాశ్రయుడు ఒకే రాత్రి ఒకే లాడ్జి కౌంటరు ముందు నిలబడే సందర్భం అది. అలాంటప్పుడు ఏం చేయాలో చట్టంలో ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ ప్రకారం రక్షణ కార్యక్రమాలకు అవసరమైన భవనాన్ని జిల్లా అధికార యంత్రాంగం స్వాధీనం చేసుకోవచ్చు. 66వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలో నడిచే అద్దెను చూసి పరిహారం కట్టాలి. కట్టిన పరిహారం చాలదనుకున్న యజమాని 30 రోజుల్లోగా మధ్యవర్తికి నివేదించమని కోరవచ్చు. ఈ సెక్షన్లు లాడ్జి యజమానులకు తెలియవు. తెలిస్తే, వరద రోజున తహసీల్దారు ఫోను చేసినప్పుడు మాట వేరుగా ఉండేది. గదులివ్వడానికి వెనకాడేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ‘ఎవరు రాసిస్తారు సార్, మళ్లీ ఎవురినడిగేది?’ అన్నదే వాళ్ల బాధ.

విపత్తు సమయాన్ని పక్కన పెట్టి, మామూలు రోజుల్లో లాడ్జిని బలవంతంగా వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం వాడుకోకూడదనే. ఈ దారిలో చాలా దూరం వెళ్లాలనుకున్న నగరం లాస్ ఏంజెలెస్. అక్కడి హోటల్ కార్మికుల సంఘం ఒక ప్రతిపాదన తెచ్చింది: ప్రతి హోటలూ ప్రతి రోజూ మధ్యాహ్నం 2 గంటలకల్లా తన దగ్గర ఖాళీగా ఉన్న గదుల సంఖ్యను నగరానికి తెలపాలి, నగరం వోచరు ఇచ్చి పంపిన నిరాశ్రయులకు ఆ గదులు ఇవ్వాలి, అద్దె నగరం కడుతుంది. 2024 మార్చిలో దీని మీద ప్రజల ఓటింగు జరగవలసింది. హోటళ్లవాళ్లు ససేమిరా అన్నారు. చివరికి 2023 ఆఖరులో నగర కౌన్సిలుతో రాజీ కుదిరి, నిరాశ్రయులకు గదులివ్వడం ఇష్టపడిన హోటళ్ల వంతు మాత్రమే అయింది, ఓటింగు రద్దయింది. నాకు అందులో అర్థమైనది ఇది: గది ఇవ్వడం ఇష్టం లేని యజమాని కింద దిగిన నిరాశ్రయుడికి గది దొరుకుతుంది గాని మర్యాద దొరకదు. బకెట్ ఉండదు, దుప్పటి మార్చరు, ఫ్యాను పాడైతే రెండు వారాలు బాగవదు. ఏ తనిఖీ అధికారి దాన్ని పట్టుకోగలడు?

ఇక న్యూయార్కు కథ వేరు. నిరాశ్రయుడికి ఆశ్రయం ఇవ్వడం నగరం బాధ్యత అని 1981లో కోర్టు సమక్షంలో అక్కడ ఒప్పందం కుదిరింది. ఆశ్రయాలు చాలక, 1980లలో పిల్లలున్న కుటుంబాలను నెలల తరబడి పాత హోటళ్లలో పెట్టారు. ఒక మంచి ఇంటి అద్దె కంటే ఎక్కువ డబ్బు ఆ ఇరుకు గదులకు పోసింది నగరం. ఇంగ్లండు ఆ అనుభవం తన దగ్గరా చూసి, 2004 ఏప్రిల్ నుంచి ఒక నియమం పెట్టుకుంది: పిల్లలున్న కుటుంబాన్ని, గర్భిణిని లాడ్జి తరహా వసతిలో ఆరు వారాలకు మించి ఉంచకూడదు, అది కూడా వేరే చోటు ఏదీ దొరకనప్పుడే. ఆరు వారాలు దాటినా అక్కడే మగ్గుతున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయన్నది నిజమే. అయినా నియమం ఉంది కాబట్టే దాటినవాళ్లను లెక్కపెట్టగలుగుతున్నారు, స్థానిక కౌన్సిలును కోర్టుకు లాగగలుగుతున్నారు. మనకు గడువు నియమం లేదు, అందువల్ల అతిక్రమణా లేదు.

గడువు విషయంలో ఇంకో మోసం కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఒక మనిషి హోటల్ గదిలో 30 రోజులు దాటి ఉంటే అద్దెదారు హక్కులు వస్తాయి. దాన్ని తప్పించుకోవడానికి 28వ రోజున సామాను బయట పెట్టించి, ఒక రోజు తర్వాత మళ్లీ చేర్చుకునే అలవాటు అక్కడి లాడ్జీలకు ఉండేది; దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. మన దగ్గర ఆ తంటా కూడా లేదు, ఎందుకంటే మన 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టం ‘భవనం’ నిర్వచనం నుంచే హోటల్ గదినీ బోర్డింగ్ గదినీ తప్పించింది. పత్రానికి ఏ పేరు పెట్టారన్నది కాదు, దాని సారం ఏమిటన్నది చూడాలని 1959లోనే ఒక హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గాని, సంవత్సరం పాటు లాడ్జిలో ఉన్న ముసలాయన ఆ తీర్పు పట్టుకుని కోర్టుకు పోతాడని ఎవరం అనుకోము. యజమాని పొద్దున తాళం మారిస్తే సాయంత్రానికి ఆయన సామాను మెట్ల కింద ఉంటుంది. అందుకే కార్పొరేషను గదులు తీసుకునేటప్పుడు, ఖాళీ చేయించాలంటే కనీసం వారం ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ, ఆ వారంలో వేరే చోటు చూపించవలసిన పూచీ కార్పొరేషనుదేననీ ఒప్పందంలోనే రాసుకోవాలి. మనిషి కొట్లాటకు దిగితే, తాగి ఇతరుల మీద పడితే వెంటనే పంపే హక్కు లాడ్జికి ఉండాలి. అది డబ్బు కట్టి దిగినవాడి మీద కూడా ఉన్న హక్కే. కారణం ఒకటైతే శిక్ష కూడా ఒకటే కావాలి.

ఇప్పుడు కౌంటరు దగ్గరకు వద్దాం. లాడ్జి రిజిస్టరు ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, శాశ్వత చిరునామా, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోతారు, వచ్చిన పని, ఎంతమంది, బండి నంబరు, దిగిన సమయం, సంతకం. వీటిలో శాశ్వత చిరునామా, ఎక్కడికి పోతారు అన్న రెండు గళ్లు నిరాశ్రయుడు నింపలేడు. నిజం చెబితే ఆ రెండు గళ్లు నింపలేకపోవడమే అతని స్థితి. గుమాస్తా మంచివాడైతే ‘నెల్లూరు’ అని రెండుచోట్లా రాసుకుని తాళం ఇస్తాడు. భయస్థుడైతే ఆధార్ లేనిదే కుదరదంటాడు. భయానికి కారణం లేకపోలేదు. ‘పోలీసోళ్లొచ్చి వీడెవడ్రా అని అడిగితే నేనేం జెప్పేది సార్, నా లైసెన్సు పోదా?’ అని ఒక మేనేజరు నన్నడిగినప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు, ఎందుకంటే ఆ జవాబు ఇవ్వవలసింది నేను కాదు. కార్పొరేషను పంపిన ప్రతి మనిషికీ మెప్మా సిబ్బంది సంతకంతో ఒక చీటీ ఉండాలి. ఆ చీటీ ఉన్నచోట గుర్తింపు కార్డు అడగకూడదు. ఆ చీటీ నంబరు రాసిన రిజిస్టరును పోలీసులు సరైనదిగా ఒప్పుకోవాలి. ఇందుకు జిల్లా పోలీసు అధికారి నుంచి ఒక్క పేజీ ఉత్తర్వు చాలు. ఆ మనిషికి ఆధార్, రేషన్ కార్డు, పింఛను ఇప్పించే ప్రయత్నం గది ఇచ్చిన తర్వాత మొదలుకావాలి. వసతి గృహం చిరునామా మీదే గుర్తింపు పత్రాలు ఇప్పించమని జాతీయ మిషన్ మార్గదర్శకాల్లో ఉన్నప్పుడు, కార్పొరేషను అద్దెకు తీసుకున్న గదికి కూడా అదే వెసులుబాటు ఇవ్వవచ్చు.

ఆడవాళ్లకు ఇంకొక ఇబ్బంది ఉంది. ఒంటరి ఆడమనిషికి గది ఇస్తే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద తమ మీద కేసు పెడతారని లాడ్జీలవాళ్లు జడుస్తారు. ఫలితంగా, మొగుడు కొట్టి వెళ్లగొట్టిన మనిషికి రాత్రి పదకొండు గంటలకు ఏ లాడ్జీ తలుపు తీయదు. అదే లాడ్జిలో జంటగా వచ్చిన అబద్ధాల దంపతులకు మాత్రం ఇబ్బంది ఉండదు. చీటీ పద్ధతి అందరికంటే ముందు కాపాడేది ఈ ఆడవాళ్లనే. దాంతోపాటు, చీటీ మీద ఉన్న గది తలుపును రాత్రి వేళ తట్టే అధికారం మహిళా సిబ్బంది లేకుండా ఎవరికీ ఉండకూడదు. తనిఖీ పేరుతో నిరాశ్రయుల గదులే ఎంచి తట్టడం మొదలైతే, మొదట చెప్పిన రెండు రకాల నియమాలు వెనకదారిన వచ్చినట్టే.

వెనకదారి అంటే గుర్తొచ్చింది, లాడ్జీల వెనక మెట్లు. దాదాపు ప్రతి పాత లాడ్జిలోనూ రెండో మెట్ల దారి ఒకటి ఉంటుంది. దాని అడుగున కొలాప్సిబుల్ గేటు, గేటుకు తాళం, తాళం చెవి యజమాని ఇంట్లో. మెట్ల మీద చిరిగిన పరుపులు, విరిగిన కుర్చీలు, ఖాళీ నీళ్ల డబ్బాలు. ఒక రాత్రి ఉండి పోయే ప్రయాణికుడు దాన్ని గమనించడు. మంటలు లేస్తే యువకుడు ముందు మెట్ల మీదుగా దూకి బయటపడతాడు. అదే గదుల్లో కదలలేని ముసలివాళ్లు, చంటిబిడ్డలు, కట్లతో ఉన్న రోగులు ఉంటే ఆ గేటు తాళం ప్రాణాంతకమవుతుంది. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయారు. హోటల్‌గా కట్టిన భవనాన్ని రోగుల కోసం తీసుకునేటప్పుడు భద్రతను ఎవరు చూడాలన్న ప్రశ్న అప్పుడు వచ్చింది, ఆ తర్వాత మనం మర్చిపోయాం. జాతీయ భవన నియమావళి లాడ్జీలనూ డార్మిటరీలనూ నివాస వర్గంలో పెట్టింది. వృద్ధుల, బలహీనుల ఆశ్రమాలను సంస్థల వర్గంలో వేరుగా పెట్టింది, ఎందుకంటే అక్కడున్నవాళ్లు తమంతట తాము పరుగెత్తలేరు. లాడ్జిలో సగం మంది అలాంటివాళ్లే అయినప్పుడు, బయట బోర్డు మీద ‘లాడ్జి’ అని ఉన్నా, అగ్నిమాపక శాఖ దాన్ని రెండో వర్గం కళ్లతో చూడాలి. నడవలేనివాళ్లకు కింది అంతస్తులోనే గది, రెండు మెట్ల దారులూ తాళం లేకుండా తెరిచి ఉండటం, రాత్రి కాపలా మనిషి మేలుకుని ఉండటం: ఈ మూడూ లేని లాడ్జికి ఒక్క మనిషిని కూడా పంపకూడదని నేను గట్టిగా అంటాను. ఈ విషయంలో బేరం లేదు. ఇవి చేస్తే డబ్బు కట్టి దిగే ప్రయాణికుడికి కూడా రక్షణే కదా.

గది కొలత గురించి ఒక్క మాట. వసతి గృహాల్లో మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని మిషన్ మార్గదర్శకాలు చెబుతాయి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న మామూలు లాడ్జి గది 120 చదరపు అడుగులు. ఇద్దరికి చాలుతుంది, మూడో మనిషికి చాలదు. తల్లి, ఇద్దరు చిన్నపిల్లలైతే సర్దుకోవచ్చు. ముక్కూ మొహం తెలియని నలుగురు మగవాళ్లను ఒక గదిలో కుక్కి నాలుగు తలల లెక్కన బిల్లు పెట్టడం మాత్రం కుదరదని రాసుకోవాలి. అద్దె గదికి కట్టాలి, తలకు కట్టకూడదు. ఈ చిన్న మార్పుతో సగం అవినీతి పుట్టకముందే పోతుంది.

ఇక ప్రయాణికుల వైపు నుంచి చూద్దాం. తన పక్క గదిలో ఎవరున్నారన్న ఆందోళన అద్దె కట్టిన మనిషికి ఉండటం సహజం. దాన్ని వెక్కిరించడం నాకిష్టం లేదు. కానీ అతనికి ఉన్న హక్కు శుభ్రమైన గది, నిశ్శబ్దం, భద్రత. పక్క గది మనిషి పేదవాడు కాకూడదన్న హక్కు అతనికి లేదు. మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో ఖండంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా హోటల్లోకి ప్రవేశం నిరాకరించకూడదని ‘హోటల్’ అన్న మాట వాడే రాసింది. పేదరికం ఆ జాబితాలో లేదు, నిజమే. అయితే చిరిగిన బట్టలు చూసి గది లేదనే చోట ఆ మనిషి కులం ఏమిటో కూడా ఊహించేస్తారన్నది మనందరికీ తెలుసు. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టంలో అంటరానితనం పేరుతో హోటల్లోకి రానివ్వకపోవడం నేరంగా ఉంది, ధర్మశాల, సరాయి పేర్లు కూడా ఉన్నాయి. ఎందుకు రాయవలసి వచ్చింది? మన సత్రాల చరిత్ర వల్ల. ఈ ట్రంకు రోడ్డు మీద నడిచిపోయే యాత్రికులకు ఉచితంగా నీడనిచ్చిన సత్రాలను తలుచుకుని మనం గర్వపడతాం. 1817 నాటి మద్రాసు రెగ్యులేషన్ VII దేవాలయాలతో పాటు సత్రాల ఆస్తులను కూడా పర్యవేక్షించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది, అంటే అప్పటికే అవి అంత ఆస్తిపరమైన సంస్థలు. ఆ నీడ ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు, వంటపంక్తి ఎవరికి వేరుగా వేశారు అన్నది కూడా తలుచుకుంటేనే ఆ గర్వం నిజాయితీగా ఉంటుంది.

కాబట్టి గదులు పంచేటప్పుడు గుర్తులు ఉండకూడదు. నిరాశ్రయులకు వేరే అంతస్తు, వేరే ద్వారం, వేరే రంగు దుప్పటి, లిఫ్టు ఎక్కకూడదన్న నోటు, ఇవేవీ ఉండకూడదు. ముసలివాళ్లకు కింది అంతస్తు ఇవ్వడం వేరు, అందరినీ ఒక మూలకు తోయడం వేరు. అయితే మొత్తం గదుల్లో ఎన్ని తీసుకోవచ్చన్నదానికి పరిమితి ఉండాలన్న యజమానుల వాదనను నేను ఒప్పుకుంటాను. పది గదుల లాడ్జిలో తొమ్మిది గదులు కార్పొరేషను తీసుకుంటే అది లాడ్జి కాదు, లైసెన్సు లేని వసతి గృహం. మూడో వంతు దాటకూడదని నా సూచన. దాటవలసి వస్తే దాన్ని నేరుగా వసతి గృహంగానే ప్రకటించి, మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఎనిమిది గంటల షిఫ్టుకు ఒక్కరు చొప్పున ముగ్గురు సంరక్షకులను పెట్టాలి. లేకపోతే ఆ పనంతా రూంబాయ్ నెత్తిన పడుతుంది. అర్ధరాత్రి జ్వరం వచ్చినా వాడినే పిలుస్తారు, పక్క తడిపినా వాడే మార్చాలి. నెల జీతం మాత్రం ఏమీ పెరగదు. ఆ అదనపు పనికి అదనపు కూలి ఒప్పందంలో వేరే పద్దుగా ఉండాలి, నేరుగా అతని ఖాతాకు పోవాలి.

డబ్బు సంగతి ఆఖరున చెబుతున్నాను గాని, ఒప్పందం నిలిచేదీ చెడేదీ దాని మీదే. ప్రభుత్వ బిల్లు ఎప్పుడు వస్తుందో తెలియని భయమే యజమానులను వెనక్కి లాగుతుంది. ఎన్నికల సిబ్బందికి భోజనాలు పెట్టినవాళ్లను, వరదల్లో వాహనాలు ఇచ్చినవాళ్లను అడిగితే ఆ భయం ఊరికే పుట్టలేదని చెబుతారు. నెల అద్దెలో సగం ముందుగా, మిగిలినది నెల ముగిసిన 15 రోజుల్లో, ఆలస్యమైతే వడ్డీ. అలాగే ధరకు పరిమితి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2024లో మోటెల్ గదికి రాత్రికి 80 డాలర్లకు మించి ఇవ్వనని గీత గీసింది, చలికాలం కాని రోజుల్లో మనిషికి ఏడాదికి 80 రోజులే అన్నది. ధర పరిమితి మంచిదే. రోజుల పరిమితి వల్ల మాత్రం గదులు ఖాళీ అయ్యాయి, మనుషులు గుడారాలకు పోయారు. మనం మొదటిది తీసుకుని రెండోది వదిలేయాలి. పన్ను కూడా చూసుకోవాలి: రోజుకు 1000 రూపాయల లోపు గదికి 2022 జులై 18 దాకా జీఎస్టీ లేదు, ఆ రోజు నుంచి 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. ప్రభుత్వం కట్టే అద్దె మీద ప్రభుత్వానికే పన్ను కట్టడం ఒక కుడిచెయ్యి ఎడమచెయ్యి వ్యవహారం. అద్దె నిర్ణయించేటప్పుడే పన్నుతో కలిపా, కాకుండానా అని రాసుకోకపోతే ఆరు నెలల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తుంది, బిల్లు ఆగుతుంది, గది ఖాళీ అవుతుంది.

సీజను గురించి యజమానులు తప్పకుండా అడుగుతారు. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు లక్షల మంది వస్తారు. ఆ నాలుగైదు రోజులు నెల్లూరులో గది దొరకడమే గగనం, ధర రెట్టింపు. పెళ్లి ముహూర్తాలప్పుడూ అంతే. ఆ రోజుల్లో కార్పొరేషను గదులు ఖాళీ చేయించి ఎక్కువ ధరకు ఇచ్చుకుంటామంటే ఒప్పుకోకూడదు. దానికి బదులు, సంవత్సరం పొడవునా గది నిండి ఉండే హామీ యజమానికి లభిస్తోంది. ఆషాఢంలో ఖాళీగా ఉండే గదికి కూడా అద్దె వస్తోంది. ఈ లెక్క వేసి చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారని నా నమ్మకం, ఒప్పుకోనివాళ్లను వదిలేయాలి.

పట్టణ పేదరిక నిర్మూలన పురపాలక సంస్థల విధుల్లో ఒకటని రాజ్యాంగం 12వ షెడ్యూలులో ఉంది కాబట్టి ఇది మా పని కాదని కార్పొరేషను అనలేదు. ప్రారంభానికి పెద్దాసుపత్రి చుట్టుపక్కల లాడ్జీలు చాలు, మొదట రోగుల బంధువులకూ డిశ్చార్జి అయి చోటు లేనివారికీ. ట్రేడ్ లైసెన్సులు పునరుద్ధరించే మార్చి లోపల ఇష్టపడిన యజమానుల దగ్గర ఒప్పందాలు రాయించుకుంటే, ఏప్రిల్ నుంచి ఏడాది పాటు నడిపి చూడవచ్చు. నెలకొకసారి తనిఖీ జట్టులో అగ్నిమాపక శాఖ, ఆరోగ్య శాఖ, మెప్మా నుంచి ఒక్కొక్కరితో పాటు ఆ లాడ్జిలో ఉంటున్న నిరాశ్రయుల్లో ఒకరు, యజమానుల తరఫున ఒకరు ఉండాలి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ తెలుగులోనే, నాలుగు పేజీల ముసాయిదా ఒప్పందంగా రాసి తెచ్చాను. ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. రోజు అద్దె అంకె దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. అది యజమానులూ కార్పొరేషనూ ఎదురెదురుగా కూర్చుని నింపవలసిన గడి.